పూడిక లేని గుండెనొప్పి: బిగుసుకునే ధమనిని పట్టి చూపే పరీక్ష

గుండెజబ్బు అనగానే మనలో అధిక సంఖ్యాకులకు స్ఫురించే మాట పూడిక. కాలువలో ఒండ్రు పేరుకున్నట్లు రక్తనాళంలో కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుందనీ, ఆంజియోగ్రామ్‌లో అది కనిపిస్తుందనీ, స్టెంట్ అమర్చో బైపాస్ చేసో దానిని సరిచేస్తారనీ ఈనాడు పామరులకు కూడా తెలుసు. మలేషియాలో మరణాలకు ప్రధాన కారణాలలో గుండెజబ్బు ఒకటిగా ఎన్నో ఏళ్లుగా నిలిచి ఉన్నందువల్ల, ఏ ఇంట చూచినా ఈ పరిజ్ఞానం కొంత అనుభవపూర్వకంగానే అబ్బినది.

అయితే ఆంజియోగ్రామ్ చేయించుకున్న వారందరికీ పూడికలు కనిపించవు. గుండెనొప్పితో ఈ పరీక్షకు వచ్చే పదిమందిలో నలుగురైదుగురికి చెప్పుకోదగిన పూడిక ఏదీ ఉండదని పాశ్చాత్య దేశాల లెక్కలు తెలుపుతున్నవి. వారికి వైద్యుడు సంతోషంగానే చెబుతాడు: "మీ రక్తనాళాలు శుభ్రంగా ఉన్నవి, నిశ్చింతగా ఇంటికి వెళ్లండి." రోగి వెళ్తాడు. వారం తిరగకముందే, తెల్లవారుజామున మూడు గంటలకు, రొమ్ముమీద రోలు పెట్టినట్లు అదే నొప్పి వస్తుంది. ఇంట్లోవారు గ్యాస్ అంటారు. పక్కింటి మలయ్ అవ్వ 'అంగిన్', అనగా వాయువు, అంటుంది. పట్టపగలు మేడమెట్లు చకచకా ఎక్కగలిగిన మనిషికి పడుకున్నప్పుడు గుండెనొప్పి ఏమిటని మరికొందరు నవ్వుతారు. కొన్నాళ్లకు రోగికే తన మనస్సు మీద అనుమానం కలుగుతుంది. రోగి స్త్రీ అయితే ఈ అనుమానం ఇతరులకు మరింత త్వరగా కలుగుతుందన్నది విచారకరమైన వాస్తవం.

ఇట్టివారిలో కొందరికి ఉన్న వ్యాధి పేరు హృద్ధమనీ స్పాజం. తెలుగులో చెప్పాలంటే గుండెకు రక్తం తెచ్చే ధమని హఠాత్తుగా బిగుసుకొనిపోవడం. ఆ బిగింపు ఉన్నంతసేపే ఉండి, తరువాత ఆనవాలు లేకుండా పోతుంది. కనుక దానిని పట్టుకోవడానికి వైద్యులు ఒక సాహసోపేతమైన మార్గం అనుసరిస్తారు. ఆస్పత్రిలో, తమ కళ్లముందు, ఒక మందు ఎక్కించి ఆ బిగింపును తామే రప్పిస్తారు. ఈ ప్రేరక పరీక్ష ఎందుకు, ఎలా చేస్తారో, దానిలోని మంచిచెడ్డలేమిటో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ధమని నిర్మాణం గురించి కొంత తెలుసుకోవాలి. పెద్ద హృద్ధమనులు సుమారు మూడు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గల గొట్టాలు. గొట్టాలు అన్నంత మాత్రాన వాటిని ఇంటి కుళాయి గొట్టాలతో పోల్చరాదు. ధమని సజీవమైనది. దాని మధ్యపొరలో గుండ్రంగా చుట్టుకొని ఉన్న కండరం ఉంటుంది. ఆ కండరం వదులైతే గొట్టం విశాలమవుతుంది, బిగిస్తే ఇరుకవుతుంది. లోపలి గోడకు ఒకే ఒక కణం మందం గల పలుచని లోపొర ఉంటుంది. ఈ లోపొరను వైద్యులు చాలాకాలం గోడకు వేసిన సున్నం వంటిదే అనుకున్నారు. నిజానికి కండరం ఎప్పుడు వదులు కావాలో ఆజ్ఞాపించేది అదే. లోపొర దెబ్బతిన్నప్పుడు, కండరం అతిగా స్పందించే స్వభావం గలదైనప్పుడు, రాత్రి నిద్రలో పిక్క పట్టేసినట్లు ధమని పట్టేస్తుంది. తోటకు నీళ్లు పెట్టే రబ్బరు గొట్టం మీద ఎవరో కాలు వేసినట్లు రక్తం ఆగిపోతుంది. గొట్టంలో ఒండ్రు ఏమీ లేదు. కాలు తీయగానే నీరు యథాప్రకారం పారుతుంది. కాలు తీయడం ఆలస్యమైతే మాత్రం గుండె కండరం చచ్చిపోవచ్చు, లేదా గుండె లయ తప్పి మనిషి అక్కడికక్కడే కూలిపోవచ్చు.

ధమనులు బిగుసుకుంటాయన్న ఊహ పాతదే. కాని 1958లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో మేసన్ సోన్స్ హృద్ధమనులలోనికి నేరుగా రంగుద్రవం పంపి ఎక్స్‌రే చిత్రాలు తీయగలిగిన తరువాత, కంటికి కనిపించే పూడికలే వైద్యుల దృష్టిని ఆకర్షించినవి. సరిగా ఆ రోజులలోనే, 1959లో, లాస్ ఏంజిలెస్‌కు చెందిన మైరన్ ప్రింజ్‌మెటల్, ఆయన సహచరులు ఒక విలక్షణమైన గుండెనొప్పిని వర్ణించారు. మామూలు ఆంజైనా శ్రమపడినప్పుడు వచ్చి విశ్రాంతితో తగ్గుతుంది. ఇది అందుకు విరుద్ధంగా విశ్రాంతిలో వస్తుంది, తరచుగా దినంలో ఒకే వేళకు వస్తుంది. నొప్పి సమయంలో ఇ.సి.జి.లో ఎస్.టి. అనే భాగం పైకి లేస్తుంది, నొప్పి తగ్గగానే దిగిపోతుంది. ధమని కండరం బిగుసుకోవడమే కారణం కావచ్చునని ఆయన అనుమానించాడు. 1973లో ఒలీవా బృందం అట్టి రోగిలో నొప్పి వచ్చినప్పుడే ఆంజియోగ్రామ్ తీసి, మూసుకొనిపోయిన ధమని మళ్లీ తెరుచుకొనడం చిత్రాలతో చూపింది. ఇటలీలో అట్టిలియో మసేరి 1970లలో రోగులను రేయింబవళ్లు కనిపెట్టి చూచి, ఈ బిగింపు అనుకున్నంత అరుదైనది కాదనీ, గుండెపోటుకు సైతం దారితీయగలదనీ నిరూపించాడు.

ఇక అసలు చిక్కు. బిగింపు రాత్రి రెండు గంటలకు వస్తుంది. ఆంజియోగ్రామ్ పగలు పదకొండు గంటలకు, అరగంటసేపు జరుగుతుంది. పైగా ధమనులు చక్కగా కనిపించాలని చాలా చోట్ల ముందుగానే నైట్రోగ్లిసరిన్ కూడా ఎక్కిస్తారు. అది బిగింపును విప్పే మందు! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా పగటివేళ చేసేదే గనుక చాలమందిలో సవ్యంగానే ఉంటుంది. కాబట్టి శుభ్రమైన ఆంజియోగ్రామ్ చూచి 'పూడిక లేదు' అనవచ్చునే గాని 'వ్యాధి లేదు' అనరాదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాయే ప్రేరక పరీక్షకు మూలాధారం.

ప్రేరణకు వాడే మందులు ముఖ్యంగా రెండు: ఎర్గోనోవిన్, ఎసిటైల్‌కొలీన్. ఈ రెంటి పూర్వచరిత్ర కథలా ఉంటుంది.

యూరప్‌లో రై అనే ధాన్యపు వెన్నులకు ఎర్గాట్ అనే బూజు పడుతుంది. మన సజ్జకంకులకు పట్టే తేనెబంక తెగులు దానికి దాయాది. మధ్యయుగాలలో ఎర్గాట్ పట్టిన రొట్టె తిన్న గ్రామాలకు గ్రామాలే కాళ్లుచేతులు మండి, నల్లబడి, రాలిపోయే ఘోరవ్యాధికి గురైనవి. దానిని సెయింట్ ఆంథొనీ అగ్ని అనేవారు. బూజులోని విషాలు రక్తనాళాలను బిగించివేయడమే అందుకు కారణం. ఆ బూజునే మంత్రసానులు కాన్పులలో వాడేవారు. ఎందుకనగా అది గర్భాశయాన్ని కూడా బిగిస్తుంది. 1935లో ఆ గుణం గల పదార్థాన్ని శుద్ధరూపంలో వేరుచేశారు. బ్రిటిష్‌వారు దానికి ఎర్గోమెట్రిన్ అనీ, అమెరికన్లు ఎర్గోనోవిన్ అనీ పేరు పెట్టారు. మలేషియా ప్రసూతి ఆస్పత్రులలో బిడ్డ పుట్టగానే తల్లికి ఇచ్చే సింటోమెట్రిన్ సూదిలో ఉన్న రెండు మందులలో ఒకటి ఇదే. ఆంధ్రదేశంలో మెథర్జిన్ పేరుతో ప్రతి పురిటి గదిలోనూ ఉండే మందు దీని చెల్లెలే. కాన్పు తరువాతి రక్తస్రావం నుండి లెక్కలేనంతమంది తల్లులను కాపాడిన ఈ మందు, హృద్ధమనులు అతిగా స్పందించే వారిలో గుండెనొప్పి తెప్పిస్తుందని వైద్యులు గమనించారు. 1949లోనే గుండెజబ్బు నిర్ధారణకు దీనిని వాడిచూచిన దాఖలా ఉన్నది. 1970లలో బిగింపును రప్పించడానికి ఇది ప్రామాణికమైన మందు అయినది.

రెండవదైన ఎసిటైల్‌కొలీన్ మన శరీరంలోనే తయారయ్యే పదార్థం. విచిత్రమేమనగా, ప్రకృతిలో దీనిని మొదట కనుగొన్నది కూడా ఎర్గాట్ బూజులోనే. 1914లో లండన్‌లో హెన్రీ డేల్ ప్రయోగశాలలో ఆర్థర్ యూయిన్స్ దానిని ఎర్గాట్ సారం నుండి వేరుచేశాడు. 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవీ ప్రకటించిన ప్రయోగం సుప్రసిద్ధం. ఒక కప్ప గుండెకు చెందిన వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండవ కప్ప గుండెకు తగిలిస్తే, అది కూడా నెమ్మదించినది. నాడులు రసాయనాలతో మాట్లాడుతాయని దీనితో తేలినది. ఆ రసాయనం ఎసిటైల్‌కొలీన్. డేల్, లోవీలకు 1936లో నోబెల్ బహుమతి లభించినది. గుండెను నెమ్మదింపజేసే ఈ గుణాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. పరీక్ష గదిలో దానితో మళ్లీ పని పడుతుంది.

ఎసిటైల్‌కొలీన్ రక్తనాళాన్ని వదులు చేస్తుందా, బిగిస్తుందా? సజీవ జంతువులో వదులు చేస్తుంది. బయటికి తీసి కోసిన ధమని ముక్కలో చాలమందికి బిగింపే కనిపించేది. ఈ వైరుధ్యాన్ని విప్పినవాడు న్యూయార్కులోని రాబర్ట్ ఫర్చ్‌గాట్. కుందేలు బృహద్ధమని నుండి ముక్కలు కోసేటప్పుడు లోపొర రాపిడికి ఊడిపోతున్నదనీ, లోపొర ఉంటే వదులు, లేకుంటే బిగింపు అనీ ఆయన, జవాడ్జ్‌కీ 1980లో నిరూపించారు. లోపొర నుండి వెలువడి కండరాన్ని వదులు చేసే ఆ అజ్ఞాత పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే సామాన్య వాయువని కొన్నేళ్లకు తేలినది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చినది. నాలుక కింద ఉంచుకొనే నైట్రోగ్లిసరిన్ మాత్ర చేసేది కూడా శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేయడమే. నైట్రోగ్లిసరిన్‌తో డైనమైట్ చేసి ధనవంతుడైన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కే, కడపటి రోజులలో గుండెనొప్పికి వైద్యులు నైట్రోగ్లిసరిన్ సూచించారు. విధివైచిత్ర్యం అంటే ఇదేనని ఆయన కూడా అనుకున్నాడు.

ఇప్పుడు పరీక్షలోని తర్కం సులభంగా బోధపడుతుంది. ఆరోగ్యవంతమైన ధమనిలో ఎసిటైల్‌కొలీన్ పడితే లోపొర నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతుంది, ధమని విశాలమవుతుంది లేదా స్వల్పంగా మాత్రమే ముడుచుకుంటుంది. లోపొర చెడి, కండరం అతిగా స్పందించే ధమనిలో అదే మందు నేరుగా కండరం మీద పనిచేసి దానిని బిగించివేస్తుంది. ఒకే ప్రశ్నకు రెండు ధమనులు రెండు జవాబులు చెబుతాయి. జపాన్‌లోని కుమమోతోలో హిరోఫూమి యసువే బృందం 1986లో ఈ మందును హృద్ధమనిలోనికే ఎక్కించి బిగింపును రప్పించినది. ఈ విధమైన నొప్పి గల రోగులలో పదింట తొమ్మిదిమందిలో అది బయటపడుతున్నదనీ, వ్యాధి లేనివారిలో దాదాపుగా రాదనీ 1988లో ఆ దేశంలోనే ప్రకటించారు.

పరీక్ష జరిగే విధానం చెబుతాను. రెండు రోజుల ముందు నుండి ధమనులను వదులు చేసే మాత్రలు వైద్యుని పర్యవేక్షణలో ఆపుతారు. తమంతట తాము ఆపరాదు. సిగరెట్ ముట్టరాదు. మణికట్టు లేదా తొడ మొదట్లోని ధమని ద్వారా సన్నని కేథటర్‌ను గుండె దాకా పంపి, మామూలు ఆంజియోగ్రామ్ తీస్తారు. పెద్ద పూడిక లేదని రూఢి అయిన తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. రోగి మెలకువగానే ఉంటాడు. ఉండాలి కూడా, ఎందుకంటే "ఇదే, నాకు రాత్రివేళ వచ్చే నొప్పి ఇదే" అని చెప్పవలసినది అతడే. ఆ మాట ఏ యంత్రమూ చెప్పలేదు.

జపాన్ పద్ధతిలో ఎడమ హృద్ధమనిలోనికి ఎసిటైల్‌కొలీన్‌ను 20, 50, 100 మైక్రోగ్రాముల చొప్పున మెట్లు మెట్లుగా, ఒక్కొక్కటి సుమారు 20 సెకన్లలో ఎక్కిస్తారు. కుడి ధమనికి మోతాదు ఇంకా తక్కువ. యూరప్‌లో 2 మైక్రోగ్రాములతో ఆరంభించి 200 వరకు, మరింత నెమ్మదిగా ఇస్తారు. మెట్టు మెట్టుకూ ఇ.సి.జి. చూస్తారు, చిత్రం తీస్తారు, నొప్పి ఉన్నదా అని అడుగుతారు. కుడి ధమని గుండె లయను నడిపే కేంద్రాలకు రక్తం పంపుతుంది గనుక, అక్కడ ఈ మందు పడితే లోవీ కప్పగుండె వలె మన గుండె కూడా నెమ్మదిస్తుంది, కొన్ని క్షణాలు ఆగవచ్చు కూడా. అందుకే జపాన్‌లో ముందుజాగ్రత్తగా తాత్కాలిక పేస్‌మేకర్ తీగ అమర్చుకుంటారు. ఎసిటైల్‌కొలీన్‌లోని సుగుణం దాని అల్పాయుష్షు. రక్తంలోని ఎంజైము దానిని క్షణాలలో విరగ్గొట్టివేస్తుంది. ఎర్గోనోవిన్ ప్రభావం అంత త్వరగా పోదు. అందుచేతనే దానిని ఒక్కొక్క ధమనికి 20 నుండి 60 మైక్రోగ్రాముల లోపుగా ఇస్తారు. కాన్పు సూదిలో ఉండేది 500 మైక్రోగ్రాములని పోల్చి చూచుకుంటే ఈ మోతాదు ఎంత స్వల్పమో తెలుస్తుంది. చివరగా నైట్రోగ్లిసరిన్‌ను అదే కేథటర్ ద్వారా ఎక్కించి, ధమని పూర్తిగా తెరుచుకొనడం చూచి ముగిస్తారు.

ధమని 90 శాతానికి మించి మూసుకొని, దానితోబాటు రోగికి పరిచితమైన నొప్పి, ఇ.సి.జి.లో రక్తం చాలని గుర్తులు, ఈ మూడూ కలిసి వస్తే పరీక్ష సానుకూలమైనట్లు. ఒక్క ఇరుకు మాత్రమే కనబడితే చాలదు. కొందరిలో నొప్పి వస్తుంది, ఇ.సి.జి. మారుతుంది, పెద్ద ధమని మాత్రం మూసుకోదు. వీరిలో బిగింపు ఆంజియోగ్రామ్ కంటికి ఆనని సన్నని నాళాలలో ఉన్నదని భావిస్తారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 2012లో ప్రకటించిన అధ్యయనంలో, పూడికలు లేకుండా గుండెనొప్పి ఉన్నవారిని ఇలా పరీక్షిస్తే సగానికి పైగా రోగులలో ఏదో ఒక రకమైన బిగింపు బయటపడినది. మనస్సు మీద నిందవేయబడిన నొప్పులలో ఎన్ని ఇటువంటివో ఊహించుకోవచ్చు.

ఈ పరీక్షతోబాటే చాలా చోట్ల ఎడెనోసిన్ అనే మందు ఇచ్చి సన్ననాళాలు ఎంత విప్పారగలవో కూడా కొలుస్తారు. ఎడెనోసిన్ పేరు వింటే తెలుగువారికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు రావడం సహజం. జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929 ప్రాంతంలో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావుగార్లు స్వతంత్రంగా కనుగొన్నారు. ఎ.టి.పి. అనగా ఎడెనోసిన్‌కు మూడు ఫాస్ఫేటులు చేరినదే.

రోగాన్ని కావాలని రప్పించడం ధర్మమా అన్న ప్రశ్న ప్రతి రోగికీ కలుగుతుంది. కలగాలి. తొలి రోజులలో ఎర్గోనోవిన్‌ను చేతి సిర ద్వారా, ఒక్కోసారి మంచం పక్కనే ఇచ్చేవారు. 1980లో బక్స్‌టన్ బృందం ఒక హెచ్చరిక ప్రకటించినది. సిర ద్వారా మందు ఇచ్చిన ఐదుగురు రోగులలో బిగింపు మొండికెత్తి, సిరలోనికి ఎక్కించిన మందులకు లొంగలేదు. వారిలో ముగ్గురు మరణించారు. హృద్ధమనిలోనికి నేరుగా నైట్రోగ్లిసరిన్ ఎక్కించగలిగినప్పుడే బిగింపు విడినది. విషం ఇచ్చే దారిలోనే విరుగుడు కూడా సిద్ధంగా ఉండాలన్న సూత్రం ఆ మరణాల నుండి వచ్చినదే. నేడు కేథటర్ హృద్ధమనిలో ఉండగానే ఈ పరీక్ష చేస్తారు. 2022లో ప్రకటించిన ఒక సమీక్షలో ఎసిటైల్‌కొలీన్ పరీక్ష జరిగిన 12,585 మంది వివరాలను కలిపి చూడగా, తీవ్రమైన ఉపద్రవాలు సుమారు 0.5 శాతం, మరణాలు శూన్యం. 0.5 శాతం అంటే శూన్యం కాదు. గుండె లయ తప్పి విద్యుత్ షాక్ ఇవ్వవలసి వచ్చినవారు అందులో ఉన్నారు. కాబట్టి ఇది అలవాటుగా చేసే వైద్యుల చేతిలో, సర్వసన్నాహాలూ ఉన్న చోట మాత్రమే జరగవలసిన పరీక్ష. నా అభిప్రాయంలో, ఇంట్లో ఒంటరిగా అర్ధరాత్రి వచ్చే బిగింపు కన్న, చుట్టూ వైద్యులుండగా రెండు నిమిషాలు వచ్చే బిగింపు తక్కువ ప్రమాదకరం.

మరొక చిన్న చిక్కున్నది. చాలా దేశాలలో ఎసిటైల్‌కొలీన్ అమ్మకానికి దొరికేది కంటి శస్త్రచికిత్సలో పాపను చిన్నది చేయడానికి. గుండె పరీక్షకు ఆస్పత్రి ఫార్మసీవారు దానినే తగినంత పలుచన చేసి సిద్ధం చేయవలసి ఉంటుంది. ఈ పరీక్ష ప్రతి కేథటర్ గదిలోనూ జరగకపోవడానికి ఇదొక కారణం. వెళ్లే ముందే "మీ వద్ద హృద్ధమనీ ప్రేరక పరీక్ష చేస్తారా?" అని వైద్యుని అడగడం ఉచితం. కౌలాలంపూర్‌లో 1992లో నెలకొల్పిన జాతీయ హృదయ సంస్థ కాని, పినాంగ్, సెర్దాంగ్, జొహోర్ బారు మొదలైన చోట్ల ఉన్న ప్రభుత్వ హృద్రోగ విభాగాలు కాని, ఇట్టి ప్రశ్నకు మొదట ఆశ్రయించదగినవి.

అందరికీ ఈ పరీక్ష అవసరమా? కాదు. నొప్పి వస్తుండగానే తీసిన ఇ.సి.జి.లో స్పష్టమైన మార్పు కనిపించి, నైట్రోగ్లిసరిన్‌తో నొప్పీ మార్పూ వెంటనే తొలగిపోతే, ప్రేరణ లేకుండానే వ్యాధిని నిర్ధారించవచ్చునని వివిధ దేశాల నిపుణులు కలిసి రూపొందించిన ప్రమాణాలు చెబుతున్నవి. అనగా రాత్రి మూడు గంటలకు తీసిన ఒక్క కాగితపు చీటీ, పగలు చేసే ఖరీదైన పరీక్షతో సమానం. దురదృష్టవశాత్తు మనవారు తెల్లవారే దాకా ఓర్చుకొని, నొప్పి తగ్గిన తరువాత తీరికగా క్లినిక్కుకు వెళ్తారు. మన తాతలు రబ్బరు తోటలలో పాలు గీయడానికి దీపాలు పట్టుకొని బయలుదేరిన వేళ, అర్ధరాత్రి దాటి తెల్లవారేలోగా, ఈ బిగింపు అధికంగా వచ్చే వేళ కూడా అదే. ఆ వేళలో రొమ్ము నొప్పి వస్తే 999కి ఫోన్ చేసి, నొప్పి ఉండగానే ఇ.సి.జి. తీయించుకోవాలి. ప్రాణరక్షణకూ అదే మార్గం, రోగనిర్ధారణకూ అదే మార్గం. అది బిగింపా, పూడికవల్ల వచ్చిన గుండెపోటా అన్నది ఇంట్లో కూర్చొని తేల్చగల విషయం కాదు. భారత సంతతివారిలో పూడికలు చిన్న వయస్సులోనే వస్తాయన్న సంగతి ఈ వ్యాసం చదివినవారు మరువరాదు. పూడికా, బిగింపూ ఒకే ధమనిలో కలిసి కాపురం చేయడం కూడా కద్దు.

ఈ వ్యాధిపై పరిశోధనలో జపాన్ ముందుండటం యాదృచ్ఛికం కాదు. గుండెపోటు వచ్చిన జపానీయులకు, యూరప్‌వారికి ఒకే విధంగా ఎసిటైల్‌కొలీన్ ఇచ్చి పోల్చిన 2000 నాటి చిన్న అధ్యయనంలో, జపానీయులలో బిగింపు రెండింతలకు పైగా కనిపించినది. తూర్పు ఆసియావారిలో చాలమందికి మద్యాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైము జన్యుపరంగా బలహీనంగా ఉంటుంది. గుక్కెడు మద్యానికే మొహం ఎర్రబడే చైనీయ మిత్రులను మలేషియాలో మనమందరం చూచినవారమే. ఆ జన్యుభేదానికీ, ధమనీ బిగింపుకూ సంబంధం ఉన్నదని జపాన్ పరిశోధకులు చూపారు. జాతి ఏదైనా, బిగింపును ప్రేరేపించే వాటిలో అగ్రస్థానం పొగాకుది. అతిగా మద్యం, తీవ్రమైన చలి, మానసిక ఆందోళన, రొప్పుతూ గాలి పీల్చడం తరువాతి స్థానాలలో ఉన్నవి.

నిర్ధారణ ఎందుకు ముఖ్యమో చికిత్సను చూస్తే అర్థమవుతుంది. బిగింపుకు స్టెంట్ పనికిరాదు. ఒక చోట స్టెంట్ వేస్తే పక్క చోట బిగుసుకోవచ్చు. డిల్టియజెమ్, నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ వంటి కాల్షియం నిరోధక మందులు మాత్రం చాలమందిలో అద్భుతంగా పనిచేస్తాయి. మరోవైపు, పూడిక గల రోగికి మేలుచేసే బీటా నిరోధకాలలో ప్రొప్రనలాల్ వంటివి బిగింపు రోగికి నొప్పిని ఎక్కువ చేయవచ్చు. ఆ ప్రొప్రనలాల్‌నే ఆందోళనకూ, పార్శ్వపు తలనొప్పికీ ఇస్తారు. "ఇది మీ మనస్సులోని భయమే" అని తీర్మానించి ఆ మాత్ర ఇచ్చినప్పుడు ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. పార్శ్వపు నొప్పికి వాడే సుమట్రిప్టాన్, ఎర్గోటమిన్ మాత్రలు ఈ రోగులకు నిషిద్ధం. జలుబుకు దుకాణంలో కొనే సూడోఎఫెడ్రిన్ కలిసిన మాత్రల విషయంలోనూ ముందుగా వైద్యుని అడగాలి. స్త్రీ అయితే, కాన్పుకు ముందు తన వ్యాధి సంగతి ప్రసూతి వైద్యురాలికి చెప్పితీరాలి. సింటోమెట్రిన్ కథ పైన చెప్పినదే.

గ్లాస్గో నగరంలో 2018లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, పూడికలు లేని 151 మంది నొప్పి రోగులకు ఇటువంటి పరీక్షలు చేశారు. సగం మంది వైద్యులకు ఫలితం తెలిపి దాని ప్రకారం మందులు ఇప్పించారు, మిగిలిన సగానికి ఫలితం తెలుపలేదు. ఆరు నెలల తరువాత మొదటివారిలో నొప్పి బాధ గణనీయంగా తగ్గినది. కొత్త మందు ఏదీ లేదు. ఏ రోగికి ఏ పాత మందు ఇవ్వాలో తెలియడమే తేడా.

సరియైన చికిత్స పొందినవారి భవిష్యత్తు సాధారణంగా మంచిదే. జపాన్‌లో 1,429 మంది రోగులను గమనించి 2011లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఐదేళ్లపాటు తీవ్రమైన గుండె సంఘటనలేవీ లేకుండా గడిపినవారు 91 శాతం. అయితే ఆ 1,429 మందిలో 35 మంది ఆస్పత్రికి రాకముందే గుండె ఆగి, బ్రతికి బయటపడినవారన్నది కూడా అదే నివేదికలోని అంకె. మందులు మొదలుపెట్టి నొప్పి పూర్తిగా పోయిన తరువాత, ఇక అవసరం లేదనుకొని ఒక్కసారిగా మానివేస్తే బిగింపు మునుపటికంటె తీవ్రంగా తిరగబడవచ్చు. అందుచేత భారతదేశానికి నెలరోజుల ప్రయాణం పెట్టుకొన్నవారు మాత్రలను పెద్ద పెట్టెలో గాక చేతిసంచిలో ఉంచుకోవాలి. నాలుక కింది మాత్రలను అవి వచ్చిన గోధుమరంగు గాజు సీసాలోనే, బిగువుగా మూత పెట్టి దాచుకోవాలి. వెలుతురు, వేడి, గాలి తగిలితే వాటి బలం తగ్గిపోతుంది.